అబ్బా సాన, నా చిప్పరు

మా అబ్బా సాన పట్టేవాడు. సైకిలుని స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద కూర్చుని పెడలు తొక్కుతుంటే హ్యాండిలు దగ్గర బిగించిన సానరాయి గిర్రున తిరిగేది. బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కేక తెలియని ఇల్లు లేదు. బడి లేని రోజుల్లో నేనూ వెనక కూర్చుని వెళ్లేవాణ్ని. నిప్పురవ్వలు చూడటం నాకు సరదా.

అబ్బాకి ఒక ఆదత్ ఉండేది. కత్తికి ధార్ పెట్టాక పిడి వాళ్ల వైపు తిప్పి చేతికిస్తూ, "అమ్మా, ఇది నిన్నటి కత్తి కాదు. ఇవాళ జాగ్రత్త. పిల్లలకి అందకుండా పెట్టుకో" అనేవాడు. ప్రతి ఇంట్లో అదే మాట. వినీ వినీ నాకు విసుగొచ్చి ఒకసారి అడిగాను, "రోజూ కూరలు కోసుకునేవాళ్లకి తెలీదా అబ్బా?" అని.

"తెలిసినా చెప్పాల్రా. ధార్ పెట్టినోడి జిమ్మేదారీ అది. చెప్పకుండా ఇచ్చి వాళ్ల వేలు తెగితే, ఆ గునాహ్ నాది."

అబ్బా పోయి చాలా ఏళ్లయింది. సానరాయి ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. ఇంట్లో వంటకత్తులకి తప్ప దానితో పని లేదు. నా రోజీ రోటీ ఇప్పుడు ఇంకో రకం కత్తుల మీద నడుస్తోంది. దాని గురించే ఈ రాత. ఇందులో నా తప్పు ఒకటుంది. రెండేళ్లుగా దాన్ని దిల్‌లో మోస్తున్నా, ఇవాళ రాసేస్తున్నా.

నా దగ్గర ట్రాక్టరుకి తగిలించే చిప్పరు ఉంది. మీలో చాలామంది చూసి ఉండకపోవచ్చు. ట్రాక్టరు వెనక ఇనప పెట్టె లాంటిది, దానికో పెద్ద మూతి. ఆ మూతిలో కొమ్మ పెడితే లోపల తిరిగే కత్తులు దాన్ని గుప్పెడేసి ముక్కలుగా నరికి పై గొట్టంలోంచి అవతలికి చిమ్ముతాయి. దానికి సొంత ఇంజను లేదు. ట్రాక్టరు వెనక ఉండే పీటీఓ నుంచి ఒక షాఫ్టు వచ్చి దాన్ని తిప్పుతుంది. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే మీరు "ఒకటి" అనేలోపు తొమ్మిది చుట్లు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

2019లో సెకండ్‌హ్యాండుది కొన్నాం. సగం డబ్బు నాది, సగం మా ఆపాది. బావగారు కువైట్‌లో ఉంటారు. ఆయన పంపిన దాంట్లోంచి ఆపా మిగిల్చిన పైసలవి. వడ్డీ జోలికి పోకుండా ఇద్దరం షరీక్‌గా పెట్టుకున్నాం. డీజిలు, కూలీ, మరమ్మతు పోగా మిగిలింది నెలాఖరున చెరి సగం. హిసాబ్ పుస్తకం ఆపా దగ్గరే ఉంటుంది. లెక్కల్లో నాకంటే ఆవిడే పక్కా.

మా వైపు పనికి లోటు లేదు. సముద్రం ఒడ్డు ఇసక నేలల్లో సరుగుడు తోటలు. తోట కొట్టాక దుంగలు లారీ ఎక్కుతాయి, కొమ్మలూ మండలూ మిగిలిపోతాయి. ఇదివరకు తగలబెట్టేవాళ్లు. ఇప్పుడు నన్ను పిలుస్తారు. మామిడితోటల్లో కొమ్మలు కత్తిరించినప్పుడూ పిలుస్తారు. ఆ ముక్కల్ని చెట్ల పాదుల్లో పరిస్తే ఎండాకాలం తడి ఆరిపోదు, కలుపు తగ్గుతుంది. పైపైన పరవమనే చెబుతాను. పచ్చి ముక్కల్ని మట్టిలో కలిపి దున్నితే అవి కుళ్లేటప్పుడు నేలలో నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు పచ్చబడుతుంది. పెద్ద పోగుగా కూడా వదలొద్దంటాను. రెండు రోజుల తరవాత పోగులో చెయ్యి పెట్టి చూడండి, అన్నం గిన్నెలా సెగ తగులుతుంది.

దీని మరమ్మతు ఒక ఇల్మ్. నాకు ఉస్తాద్ ఎవరూ లేరు. కొంత యంత్రంతో వచ్చిన పుస్తకం, కొంత నష్టం, మిగతాది అబ్బా నేర్పిన సాన.

కత్తులు మొద్దుబారిన సంగతి చెవికే తెలుస్తుంది. పదునుంటే కొమ్మ కరకరమని పోతుంది, ముక్కలు ఒకే సైజులో పడతాయి. మొద్దుబారితే ముక్కలు పీచు పీచుగా వస్తాయి, ట్రాక్టరు మూలుగుతుంది, యంత్రం ఒణుకుతుంది. మా ఇసక నేలలో ఇది త్వరగా వస్తుంది. కొమ్మని నేల మీద ఈడ్చుకొస్తే బెరడుకి ఇసక అంటుకుంటుంది. ఆ ఇసకే కత్తికి దుష్మన్. అందుకే ఈడ్వొద్దు, ఎత్తి మోయండి అంటాను మా పిల్లలతో. ఇంకో దుష్మన్ మేకు. ఊళ్లో చెట్లకి ఎప్పుడో బోర్డు కొట్టిన మేకులో, పశువుల్ని కట్టిన తీగో లోపలికి పూడిపోయి ఉంటుంది, కంటికి కనబడదు. కొబ్బరి మట్టల పీచు బేరింగుల పక్కన చుట్టుకుంటుంది, సాయంత్రం తీయకపోతే మర్నాటికి వేడెక్కుతుంది.

సాన పట్టేటప్పుడు జల్దీ పనికిరాదు. రాయికి గట్టిగా ఒత్తితే కత్తి అంచు నీలంగా తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఆ ఉక్కుకి పట్టిన పదును పోయినట్టే. ఈ మాట అబ్బాదే. ఆయన నీళ్ల డబ్బా పక్కన పెట్టుకుని ముంచి ముంచి పట్టేవాడు, నేనూ అంతే. ఇంకో సంగతి నష్టపోయి నేర్చుకున్నా. కత్తులన్నీ ఒకే బరువుండాలి. ఒకదాన్ని ఎక్కువ అరగదీస్తే, తిరిగేటప్పుడు యంత్రం మొత్తం ఊగిపోయి బేరింగులు పోతాయి. మా వీధి కిరాణా కొట్టు కాటాలో తూచుకుని బిగిస్తాను. "ఏం భాయ్, ఇవాళ కత్తులు కిలో ఎంత?" అని కొట్టాయన నవ్వుతాడు.

షాఫ్టుకి రెండు చివర్లా ఉండే క్రాసులకి పనికి ముందు గ్రీజు కొట్టాలి. ఓవర్‌లోడైతే తెగిపోవడానికే పెట్టిన షియర్ బోల్టు ఒకటుంటుంది. అది తెగితే విసుక్కుని గట్టి బోల్టు వేస్తారు కొందరు. అప్పుడు బోల్టు బదులు గేరుబాక్సు పోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యం: పీటీఓ ఆపినంత మాత్రాన లోపలి డ్రమ్ము ఆగదు. ఆ బరువుకి అదే తిరుగుతూ ఉంటుంది, నిమిషం పైనే. ఇరుక్కున్న కొమ్మని లాగుదామని చెయ్యి పెట్టడానికి అదే వేళ. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చప్పుడు పూర్తిగా పోయేదాకా ఇంతిజార్ చెయ్యాలి.

చూశారా, ఎంత బాగా చెబుతున్నానో? ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసు.

ఆ షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం లాంటి కవరు ఒకటి ఉంటుంది. లోపల షాఫ్టు తిరుగుతున్నా కవరు తిరక్కుండా చిన్న గొలుసుతో కట్టి ఉంచుతారు. ఎవరి గుడ్డో తగిలితే కవరుకి తగుల్తుంది, షాఫ్టుకి కాదు. 2023 నవంబరులో మా కవరు పగిలింది. ముక్కలు కొట్టుకుంటూ గోల చేస్తుంటే ఊడబీకి షెడ్డులో పడేశాను. కొత్తది తేవాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల గడిచింది. కవరు లేకుండానే పని నడిచింది. గ్రీజు కొట్టడం కూడా సులువైంది కదా అనిపించింది, ఝూట్ ఎందుకు చెప్పాలి.

డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలి గురించి మా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పొలాల్లో వరి నీళ్ల పాలైంది. వేపలు, మామిళ్లు, మునగలు ఎక్కడివక్కడ కూలాయి. మర్నాటి నుంచి నా ఫోను ఆగలేదు. దారికి అడ్డం పడినవి, ఇళ్ల మీద పడినవి. కరెంటు లేదు కాబట్టి ఫోను కూడా ట్రాక్టరు బ్యాటరీతోనే ఛార్జింగు. కొందరి దగ్గర కిరాయి తీసుకోలేదు, ఆ టైములో ఎలా తీసుకుంటాం. కవరు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా "ఈ తుఫానులో దుకాణం ఎవరు తెరుస్తారు" అనుకున్నా. అది బహానా. పగిలింది తుఫానుకి నెల ముందు.

మా ఆపా కొడుక్కి అప్పుడు పంతొమ్మిదేళ్లు. డిప్లొమా చదువుతూ సెలవుల్లో నాతో వచ్చేవాడు. "నీ చేతుల్లో పెడుతున్నా తమ్ముడూ, వాడు నీ దగ్గర అమానత్" అని ఆపా మొదటి రోజే చెప్పింది. మంచి మెహనతీ పిల్లాడు. మామూలుగా ప్యాంటు వేసుకునే వస్తాడు.

8వ తేదీ జుమా. నమాజుకి వెళ్లొచ్చి, అన్నం తిని, మళ్లీ పనిలోకి దిగాం. వారంగా ఎండ లేదు, ఉతికిన బట్టలు ఆరలేదు. ప్యాంటు తడిగా ఉందని భాంజా పాత లుంగీ ఒకటి చుట్టుకొచ్చాడు. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. చీకటి పడేలోపు ఇంకో రెండు చెట్లు అవ్వాలి, నా ఫిక్ర్ అదే.

నేను ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నా. వాడు అటు వైపు నుంచి కత్తి తీసుకోవడానికి ఇటు రావాలి. చుట్టూ తిరిగి రావాల్సింది, షాఫ్టు మీంచి దాటాడు. రోజూ మేమంతా దాటుతూనే ఉన్నాం. ఆ షాఫ్టు జాయింటు చుట్టుకొలత జానెడు పైనే ఉంటుంది. తొమ్మిది చుట్లంటే రెండు మీటర్ల గుడ్డ. ఒక లుంగీ పొడవు. ఒక్క సెకను.

నాకు కనిపించింది వాడు లేచి పడటం మాత్రమే. నా చెయ్యి లీవరు మీదకి వెళ్లేసరికి అంతా అయిపోయింది. లుంగీ చర్రుమని చిరిగి వాడి ఒంటి మీంచి పోయింది, వాడు అవతల చెట్టు మొద్దు మీద పడ్డాడు. తొడ మీద చర్మం అరచెయ్యంత లేచిపోయింది. కుడి మణికట్టు విరిగింది. అంతే. ఆ "అంతే" రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఒణుకుతోంది. అది ఉతికి ఉతికి పల్చబడ్డ గుడ్డ కాబట్టి చిరిగింది. కొత్త లుంగీ అయితే చిరిగేది కాదు, వాణ్నే లాక్కునేది. అల్లా కా లాఖ్ లాఖ్ షుక్ర్.

షాఫ్టుకి చుట్టుకున్న గుడ్డ తాడులా బిగుసుకుపోయింది. చేత్తో ఊడలేదు, కత్తితో కోసి తీశాను. ఎందుకో తెలీదు, పారెయ్యకుండా టూల్‌బాక్సు అడుగున పెట్టాను.

దవాఖానాకి వెళ్లే దారిలో వాడు అన్నాడు, "మామూ, అమ్మీకి కాలు జారి పడ్డానని చెబుదాం. లేకపోతే మళ్లీ రానివ్వదు." నేను వద్దు అనాలి. అనలేదు. పైగా ఇత్మినాన్‌గా అనిపించింది. సాయంత్రం ఆపా ముందు నా నోటితోనే చెప్పాను: "తడి మట్టిలో కాలు జారింది ఆపా, మొద్దు మీద పడ్డాడు." పడింది మొద్దు మీదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజు కొత్త కవరు తెచ్చి బిగించాను. దాని ఖరీదు మా ఒక పూట కిరాయి కూడా కాదు. ఆ నెల హిసాబ్ పుస్తకంలో రాయమని ఆపాకి బిల్లు ఇవ్వాలి. ఇవ్వలేదు. నా సొంత జేబులోంచి పెట్టుకుని ఊరుకున్నాను.

పదకొండో రోజు ఆపా ఇంటికి వెళ్లాను. ఆవిడ మంచం మీద పాత బట్టలు పరుచుకుని మసిగుడ్డలకి చింపుతోంది. తలెత్తకుండానే అడిగింది, "ఆ గళ్ల లుంగీ ఎక్కడుంది తమ్ముడూ? తుడుచుకోడానికి పనికొస్తుందని తీసి పెట్టా. వాడు ఆ రోజు కట్టుకెళ్లాడు. నీ తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చాడు. కాలు జారితే లుంగీ ఎటు పోతుంది?"

గుమ్మంలో భాంజా నిలబడి ఉన్నాడు, పిండికట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని. నా మొహం వైపు చూశాడు, తరవాత కిందికి. నేను ఏం చెబితే తనూ అదే చెబుతాడని అర్థమైంది. నేను బయటికి వెళ్లి టూల్‌బాక్సు తెరిచి ఆ గుడ్డ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. అప్పటికీ మెలి విడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కవరు, నెల రోజులు, లుంగీ చూసి కూడా ఊరుకోవడం, అన్నీ.

ఆపా చాలాసేపు ఖామోష్‌గా ఉంది. ఆ గుడ్డ మెలి విప్పడానికి చూసింది, రాలేదు. గుస్సా చేస్తుందనుకున్నా. చెయ్యలేదు.

"ఎముక విరిగితే అతుక్కుంటుందిలే" అంది చివరికి. "పది రోజులుగా వాడు నా కళ్లలోకి చూడట్లేదు. నొప్పేమో అనుకున్నా. నువ్వు వాడి చేత నాకు ఝూట్ చెప్పించావు తమ్ముడూ. వాణ్ని నీ దగ్గర పెట్టింది అది నేర్చుకోడానికి కాదు."

నా దగ్గర జవాబు లేదు. మాఫీ అడిగాను. "నాకు కాదు, వాడికి చెప్పు" అంది. చెప్పాను. పంతొమ్మిదేళ్ల పిల్లాడి ముందు తల దించడం కష్టమేమీ కాలేదు, అంతకు ముందు పదకొండు రోజులే కష్టం.

నేను లేచి వెళ్తుంటే ఆపా ఇంకో మాట అంది. "నీ దగ్గర ఇంకో ముగ్గురు పిల్లలు పనిచేస్తున్నారుగా. వాళ్ల ఇళ్లలో ఎవరికైనా తెలుసా, ఆ కవరు లేకుండా నెల రోజులు వాళ్లని దాని పక్కన నిలబెట్టావని?"

అబ్బా గొంతే అది. ధార్ పెట్టినోడు చెప్పాలి.

ఆ సాయంత్రమే ముగ్గురి ఇళ్లకీ వెళ్లాను. ఒకాయన టీ ఇచ్చి, చెప్పినందుకు షుక్రియా అన్నాడు. ఒకావిడ గట్టిగా తిట్టింది, కొడుకుని మాన్పించేసింది. ఆవిడ చేసింది సరైందే. మూడో ఇంట్లో "యంత్రాలన్నాక ఇవన్నీ ఉంటాయి భాయ్" అని తేలిగ్గా తీసేశారు. అక్కడే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ పిల్లాడికి నేనే కాపలా అని అర్థమైంది.

ఇప్పుడు మా దగ్గర కొన్ని షరతులున్నాయి. లుంగీ, వదులు చొక్కా, మెడలో తువ్వాలు ఉంటే పని లేదు, కూలీ మాత్రం ఇచ్చి పంపేస్తాను. షాఫ్టు తిరుగుతున్నా ఆగినా, దాటేది లేదు, చుట్టూ తిరిగి రావాల్సిందే. కొమ్మని మొదలు వైపు నుంచి పెట్టి, యంత్రం పట్టుకోగానే వదిలేసి పక్కకి తప్పుకోవాలి. పొద్దున ఇంజను వెయ్యకముందు కవరుని చేత్తో తిప్పి చూడాలి, సాఫీగా తిరగాలి, గొలుసు కట్టి ఉండాలి. కవరు పగిలితే ఆ రోజు పని బంద్. ఎంత తుఫానైనా బంద్.

భాంజా చదువు అయిపోయింది. మణికట్టు చలికాలంలో కాస్త సలుపుతుందట. సెలవు దొరికితే ఇప్పటికీ వస్తాడు, ప్యాంటు వేసుకుని. కవరు తిప్పి చూసే పని వాడిదే, నన్ను నమ్మడు. నేను చూశానన్నా మళ్లీ చూస్తాడు. మొదట్లో మనసుకి కొంచెం తకలీఫ్ అయ్యేది. ఇప్పుడు బాగుంది అనిపిస్తోంది.

కొత్త తోటలోకి వెళ్లగానే నేను చేసే మొదటి పని, ఆ ఇంటివాళ్లని పిలిచి చెప్పడం. "అమ్మా, ఇది చెడ్డ యంత్రం. పిల్లల్ని, మేకల్ని ఇటు రానివ్వకండి. ఆపాక కూడా కాసేపు దగ్గరికి రాకండి." చాలామంది "మాకు తెలుసులే భాయ్" అంటారు.

తెలిసినా చెబుతాను.